బుగ్గన బెల్లంముక్క

నా నోటి గురించి రాస్తున్నాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమైనా ఉంటే మీరు పడండి, నాకు తీరిక లేదు.

నేను కళాసీని. డెబ్భైలలో విశాఖపట్నం రేవులో, ఆ తరువాత ఎనభైలలో కూర్మన్నపాలెం అవతల ఉక్కు కర్మాగారం కడుతున్నచోట, బరువులు కదిపే గ్యాంగులో పనిచేశాను. క్రేను చేయి అందని చోట, అందినా తిరగడానికి జాగా లేని చోట మమ్మల్ని పిలిచేవారు. ఇనుప రోలర్లు, కప్పీలు, తొడంత లావు మోకులు, ముప్పైమంది మనుషులు. ఇంతే మా సరంజామా. ఇల్లంత యంత్రాన్ని జానెడు జానెడు జరుపుకుంటూ పోయి పునాది మీద కూర్చోబెట్టేవాళ్ళం.

ముప్పైమంది బలమూ ఒక్క క్షణంలో మోకు మీద పడాలి. ఒకడు ముందు, ఒకడు వెనక లాగితే బరువు కదలదు. కదిలితే ఇంకా ప్రమాదం, వంకరగా కదులుతుంది. ‘ఇదిగో, ఇప్పుడు’ అని చెప్పడానికి ఒకడు ముందు నిలబడి పాట అందుకుంటాడు. వాడొక మాట విసరగానే గ్యాంగంతా ‘ఐలెస్సా’ అని లాగుతుంది. మా గ్యాంగులో ఆ మాట విసిరేవాణ్ణి నేను.

నాకు పాటలు రావు. అబద్ధాలు వచ్చు. అందుకని ఒక్కో లాగుడికి ఒక్కో ముక్క చొప్పున కథ చెప్పేవాణ్ణి. ఔటర్ హార్బరులోంచి ఒక సొరచేప మా మేనమామ లుంగీ కట్టుకుని ఒడ్డుకెక్కి, కల్లు దుకాణంలో అరువు పెట్టి, మళ్ళీ సముద్రంలోకి ఎలా పోయిందో ఒక మధ్యాహ్నమంతా చెప్పాను. ఆ మధ్యాహ్నం ఒక జనరేటరు ఎనభై అడుగులు జరిగింది. సొరచేప తరువాత ఏం చేసిందో తెలియాలంటే లాగక తప్పదు మరి. ఒక కుర్ర ఇంజినీరు నన్ను పక్కకు పిలిచి, “నిజమేనా?” అని అడిగాడు. “లుంగీ రంగు అడగండి బాబూ, సెప్తాను,” అన్నాను.

పాట అందుకునేవాడికి మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. బరువు ఒకసారి నేల వదిలిందంటే, అది మళ్ళీ కూర్చునేదాకా పాటగాడు మంచినీళ్ళు ముట్టకూడదు. ముడితే మోకు తెగుతుందని నమ్మకం. రెండు గంటలైనా, నాలుగు గంటలైనా అంతే. మరి గొంతు నిలబడాలి కదా? దానికి రేవులో నాకు పని నేర్పిన ముసలి పాటగాడు ఒక కిటుకు చెప్పాడు. ఉసిరికాయంత అనకాపల్లి బెల్లం ముక్క ఎడం బుగ్గన పెట్టుకోవాలి. నమలకూడదు, మింగకూడదు. ఊరిన తడితో గొంతు దానంతటది జారుతూ ఉంటుంది. పదేళ్ళపాటు నా ఎడం బుగ్గ ఖాళీగా ఉన్న రోజు లేదు.

అలా ఉండగా సుగరు జబ్బు వచ్చింది. గ్లాసుమీద గ్లాసు నీళ్ళు, గంటకోసారి పొద చాటుకు పరుగు. నేను పోసిన చోటికి చీమలు వచ్చాయి. మామూలు చీమలు కాదు, గాజువాక చీమలు బస్సెక్కి వచ్చాయని గ్యాంగులో చెప్పుకున్నాను. డిస్పెన్సరీలో కాంపౌండరు గాజుగొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం నాలుగు చుక్కలు వేసి, దీపం మీద కాచాడు. సుగరు లేకపోతే నీలంగానే ఉంటుందట. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఎక్కువైతే పసుపు. నాది అచ్చం కాల్చిన ఇటుక రంగు తిరిగింది.

నేనేం భయపడలేదు. వరి అన్నం సగానికి తగ్గించి సోడి అంబలిలోకి, అదే రాగి జావలోకి దిగాను. టీలో పంచదార మానేశాను. పెళ్ళికి పోయి లడ్డూ ముఖం చూడకుండా తిరిగొచ్చాను. వేళకు మాత్రలు మింగాను. ఇంత నిష్ఠ మునులకు కూడా ఉండదు. అయినా నెల నెలా గొట్టంలో అదే ఇటుక. “ఏం తింటున్నావయ్యా?” అని డాక్టరు, “ఏటీ తినట్లేదు బాబూ,” అని నేను. ఆయన మాత్ర పెంచాడు. నేను తిండి ఇంకా తగ్గించాను. పనిలో మాటిమాటికీ పొద చాటుకు పోవలసి వస్తోందని పొద్దుటినుంచి నీళ్ళు తాగడం కూడా మానేశాను. నాలుక ఎండిపోతే ఏం, బెల్లం ముక్క ఇంకొంచెం పెద్దది పెట్టుకున్నాను.

అవును, ఆ ముక్క అలాగే ఉంది. బెల్లం తినడం మానేశాను, బుగ్గన పెట్టుకోవడం మానలేదు. మోకు, కప్పీ, రోలరు, బెల్లం. నా లెక్కలో అది పనిముట్టు. పనిముట్టును ఎవరైనా తిండి కింద జమకడతారా? నవ్వకండి. నాకే కాదు, మా గ్యాంగులో ముప్పైమందికీ, రోజూ నా చొక్కా జేబులో బెల్లం పొట్లం కట్టి పెట్టే మా ఆవిడకీ కూడా తట్టలేదు.

తట్టింది ఆవిడకు కంపు మాత్రమే.

“మావా, నీ నోట్లోంచి ఏటో పుల్లటి వాసనొత్తంది. ఎల్లి సూపించుకోవా ఏటి?”

“వాసన కాదే, అది నా పాటకున్న పరిమళం.”

“నీ పరిమళానికి పిల్లి కూడా ఇంట్లోకి రాట్లేదు.”

చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది. కచ్చికతో గట్టిగా తోమాను, ఇంకా వచ్చింది. రక్తం వస్తోంది కదా అని తోమడమే మానేశాను. నాలుక మీద తెల్లటి పూత పట్టింది. అన్నం ముద్ద నోట్లో తిరిగేది కాదు, ఇసుక నమిలినట్టుండేది. ఎడం పక్క రెండు పళ్ళు ఊగడం మొదలుపెట్టాయి. అయినా రోజూ ముందు నిలబడి అరుస్తూనే ఉన్నాను. ఎవరడిగినా, “పళ్ళతో పాడతానా ఏటి?” అనేవాణ్ణి.

ఒక ఎండాకాలం, పన్నెండు గంటల వేళ, ఒక పెద్ద మోటారును రోలర్ల మీద జరుపుతున్నాం. ఎర్రటి దుమ్ము. నాలుగు మాటలు విసిరాను, ఐదో మాటకు నాలుక అంగిట్లో అంటుకుపోయింది. గొంతు ఉంది, ఊపిరి ఉంది, నాలుక రాలేదు. మాట సగంలో తెగింది. సగం మంది లాగారు, సగం మంది ఆగారు. మోటారు పక్కకు వొరిగి రోలరు తన్నుకుని పైకి లేచింది. రోలర్ల దగ్గర వంగి ఉన్నవాడు మా ఆవిడ అన్న, నాకు బావ. చెప్పు వదిలేసి వెనక్కి గెంతాడు. చెప్పు అప్పడమైపోయింది. మిగతా కథలు చాలాచోట్ల చాలా రకాలుగా చెప్పాను గానీ, ఇది మాత్రం నిజంగా జరిగింది ఇంతే. ఇంతకంటే పెద్దది చేసి చెప్పబుద్ధి కాలేదు ఎప్పుడూ.

మా గ్యాంగు పెద్ద సరంగు. తలపాగా చుట్టి ఈల మెళ్ళో వేసుకుని తిరిగే పెద్దమనిషి. అరవలేదు, తిట్టలేదు. వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“నీ నోరు అయిపోనాదిరా. రేప్నుంచి మీ బావ అందుకుంటాడు. నువ్వు మోకట్టుకో.”

“నా నోరు నానుండగా అవదు,” అన్నాను, నాలుక మళ్ళీ ఊడి వచ్చాక. “ఆడికి పాటేటొచ్చు? ఆడరిస్తే బరువు ఎనక్కెల్తాది.”

“పాట రాకపోతే పోనీ, ఆడి నోరు తడుంటాది.”

“నాక్కూడా ఉంటాది సూడండి.”

సరంగు నా నోటివైపు చూశాడు. “వానలెల్లాక బాయిలరు డ్రమ్మొత్తంది. మనం ఎత్తినవాటిల్లో అంత బరువు లేదు. అప్పటికి నీ నోరు బాగుంటే నువ్వు. లేదంటే ఆడు. మళ్ళీ నా దగ్గరికి రాకు.”

అదీ గడువు. డ్రమ్ము వచ్చేలోగా నోరు బాగుపడాలి, లేకపోతే మిగతా జన్మంతా ఎవడో పాడుతుంటే ‘ఐలెస్సా’ అనాలి. అనే ప్రసక్తే లేదు.

సాయంత్రం ఇంటి అరుగు మీద మా బావ సలహాలు మొదలెట్టాడు.

“పళ్ళన్నీ పీకించేసి సెట్టు ఎట్టించుకో బావ. సుబ్బరంగుంటాది.”

“అలాగేలే.”

“కానీ పీకించుకోకు బావ. సుగరున్నోడు పన్ను పీకించుకుంటే రకతం ఆగదంట. పోతాడంట.”

“ఇందులో ఏది సెయ్యమంటావురా?”

“రెండూ ఆలోసించుకో.”

ఆలోచించుకోలేదు. మరునాడే ఆసుపత్రి పళ్ళ విభాగానికి పోయాను. అక్కడ ఒక డాక్టరమ్మ. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు. చిన్న అద్దం నా నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పింది.

“కుడిపక్క పళ్ళు పర్వాలేదు. ఎడంపక్కే ఎందుకండీ ఇంతలా పోయాయి?”

“మా అత్త ఎప్పుడూ ఎడం సెంపే కొట్టేది డాట్రమ్మా.”

“మీ అత్తగారు ఎంత కొట్టినా పన్ను మొదట్లో ఇలా నల్లగా గాట్లు పడవు. ఇక్కడేం పెట్టుకుంటారు? కిళ్ళీయా?”

“కాదమ్మా.”

“ఖైనీయా?”

“అబ్బే.”

“మరి?”

“ఏటీ లేదమ్మా. ఓ బెల్లమ్ముక్క.”

ఆవిడ అద్దం కింద పెట్టింది. “సుగరు మాత్రలు వేసుకుంటూ బెల్లం తింటున్నారా?”

“తినట్లేదమ్మా! ఒట్టు. బుగ్గనెట్టుకుంటాను, అంతే.”

“పొద్దున పెట్టుకున్న ముక్క సాయంత్రానికి ఉంటుందా?”

“ఉండదు. ఇంకోటి ఎట్టుకుంటాను.”

“మొదటిది ఎక్కడికి పోయిందనుకున్నారు?”

నేను వేల అబద్ధాలు ఆడినవాణ్ణి. అడిగితే సొరచేప లుంగీ రంగు చెప్పగలను. ఆ ప్రశ్నకు మాత్రం నాలుకతో ఎడం బుగ్గ తడుముకున్నాను. నిజంగా ఎప్పుడూ అనుకోలేదు అది ఎక్కడికి పోతోందో. గాల్లోకి పోతోందనుకున్నానేమో.

ఆవిడ నవ్వలేదు. అందుకే ఆవిడంటే నాకు గౌరవం. కుర్చీ దగ్గరికి లాక్కుని విడమరిచి చెప్పింది. నోట్లో ఊరే ఉమ్మే పళ్ళకు కాపలా, అదే వాటిని కడుగుతుంది. సుగరు పెరిగితే ఒళ్ళు నీళ్ళను బయటికి తోసేస్తుంది, నోరు ఎండుతుంది. ఎండిన నోట్లో తీపి పెడితే పురుగుకు విందు. చిగురు పాడైతే సుగరు ఇంకా దిగిరాదు. సుగరు దిగకపోతే చిగురు మానదు. పొద చాటుకు పోవలసి వస్తుందని నీళ్ళు మానేయడం ఇంకా తప్పు, సుగరు దిగితే ఆ పరుగు దానంతటదే తగ్గుతుంది.

“పళ్ళన్నీ పీకేసి సెట్టు ఎట్టేయమంటన్నారమ్మా మావోళ్ళు.”

“తడి లేని నోట్లో కట్టుడుపళ్ళు నిలవవు. చిగురును కోసేస్తాయి. మీకు పోవలసినవి రెండే. అవి కూడా ఇప్పుడు ముట్టను. సుగరు దించుకు రండి. మిగతావి ఉండాలా, పోవాలా అనేది మీ చేతిలో ఉంది.”

“ఉంటాయి,” అన్నాను. “సచ్చినట్టుంటాయి.”

ఆ పూట నుంచి బెల్లం బంద్. కచ్చిక బంద్. మెత్తటి బ్రష్షుతో పొద్దునా రాత్రీ, చిగురు అంచు వెంబడి, చంటిపిల్లకు నూనె రాసినట్టు తోమడం. రక్తం వచ్చినా ఆపకూడదని ఆవిడ మాట. ఆపలేదు. పదిహేను రోజులకు అదే ఆగింది. తిన్నాక ప్రతిసారీ పుక్కిలించడం. నిమ్మకాయ చప్పరిస్తే ఉమ్మి ఊరుతుంది కదా అని తెలివి ఉపయోగించబోతే, ఎండిన పళ్ళను పులుపు కూడా తినేస్తుందని అదీ మానిపించింది. నాలుక మీది తెల్లపూతకు ఊదారంగు మందు రాసింది. ఆ మందుతో పనిలోకి పోతే గ్యాంగంతా ఒకటే గోల.

“ఏటి బావ, ఆ నాలిక?”

“ఆఫీసులో స్టాంపు ప్యాడు నాకినాను. పై ఆఫీసరు సంతకం దొరక్కపోతే నన్ను పిలుత్తన్నారు, నాలిక్కొట్టి పంపేత్తన్నాను.”

వారం రోజులు ఆ నవ్వులు భరించాను. భరించడం కాదు, వాళ్ళు మానేద్దామనుకున్నప్పుడల్లా నాలుక బయటపెట్టి మళ్ళీ మొదలుపెట్టించాను.

గాజుగొట్టంలో ఇటుక పోయి పసుపు వచ్చింది. వానలు పడుతుండగా పసుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. కాంపౌండరు గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి, “ఇది నీదేనా?” అని అనుమానంగా చూశాడు. నేను మా ఆవిడది పట్టుకొచ్చాననుకున్నాడు. మళ్ళీ అక్కడికక్కడ ఇచ్చి చూపించాను. ఆకుపచ్చే.

పళ్ళు పీకే రోజు మా బావ కూడా వచ్చాడు. బయట వరండాలో కూర్చున్నాడు. కొత్త తువ్వాలు ఒకటి చంకలో పెట్టుకున్నాడు, ఎందుకో నేనడగలేదు. రిక్షావాణ్ణి కూడా ఆపి ఉంచాడు. లోపల రెండు పళ్ళూ పీకడానికి ఎంతోసేపు పట్టలేదు. దూది ముద్ద కరిపించి, “గంటసేపు నోరు తెరవకండి. మాట్లాడకండి,” అంది డాక్టరమ్మ. బయటికి రాగానే బావ లేచి నిలబడ్డాడు.

“బావ! బతికే ఉన్నావా? రకతం ఆగినాదా? మాటాడు బావ! ఓలమ్మో, మాటాడట్లేదు!”

చేయి ఊపాను. దాన్ని వాడు వీడ్కోలు అనుకున్నాడు. గోలగోలగా ఏడుపు. రిక్షావాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నేను దూది కరిచిపట్టుకుని ఆ ఇద్దర్నీ దాటి బస్టాపు దాకా నడిచాను. వెనకాల బావ తువ్వాలుతో, రిక్షాతో. గంట దాటాక దూది తీసి చూస్తే రక్తం ఎప్పుడో ఆగిపోయింది. “ఇంటికెల్లిపోరా,” అన్నాను. ఆ మాటకు వాడు ఏడ్చిన ఏడుపు ముందటిదానికంటే పెద్దది.

ఇక పాట. అసలు చిక్కు ఇక్కడ ఉంది. సుగరు దిగాక నోరు మునుపటంత ఎండడం లేదు గానీ, పని లేని వేళ కూర్మన్నపాలెం ఎండలో ఒక్కణ్ణే నిలబడి పది మాటలు విసిరి చూస్తే మళ్ళీ నాలుక బరువెక్కేది. బెల్లం లేదు. నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగుతుండమని డాక్టరమ్మ. బరువు లేచాక నీళ్ళు ముట్టకూడదని కట్టుబాటు. ముట్టుకుందామన్నా తాగడానికి వేళేదీ? మాటకూ మాటకూ మధ్య రెండు ఊపిర్లే.

నాలుగు రోజులు నేనూ మోకు లాగుతూనే, మిగతావాళ్ళ చేతులు చూస్తూ ఉన్నాను. లాగిన ప్రతిసారీ వాళ్ళు పట్టు వదిలి, చేతులు ముందుకు జరుపుకుని, మళ్ళీ బిగిస్తారు. ఆ జరుపుకునే సేపు అందరూ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని నేను తీసుకున్నాను. ఇకమీదట నేను మాట విసరగానే ‘ఐలెస్సా’ అని లాగాలి. చేతులు జరుపుకుంటూ నా మాటనే తిరిగి పాడాలి. వాళ్ళు పాడేసేపు నేను గుక్కెడు తాగుతాను.

సరంగు ఒప్పుకోలేదు. “మూడు తరాల్నుంచి లేని పద్దతి! బరువు మీదుండగా నీల్లు తాగుతావా? మోకు తెగితే?”

“బెల్లం ఎట్టుకుంటే తెగలేదు, పళ్ళు ఊడినాయి. నీల్లు తాగితే ఏటి తెగుద్దో సూద్దాం.”

“ముప్పై మందొచ్చింది పనికా, నీకు నీల్లు తాగించడానికా?”

“మీ కప్పీలకి గ్రీజెయ్యరా సరంగుగారూ? మరి నాకెయ్యరేటి?”

గ్యాంగు నవ్వింది. సరంగు నవ్వలేదు. “డ్రమ్ము రోజున సూత్తాను. మోకు మీద ఒక్క పోగు లేసినా, ఇంక నీకు పాట లేదు.” అని పోయాడు.

డ్రమ్ము వచ్చింది. ట్రైలరు మీద అది రావడం చూసి కుక్కలు కూడా పక్కకు తప్పుకున్నాయి. పొద్దున్నే ఎత్తడం మొదలుపెట్టాం. నీళ్ళసీసా నడుముకు కట్టుకుని అందరికీ కనపడేట్టు నిలబడ్డాను. సరంగు నాకు ఎదురుగా, చేతులు కట్టుకుని. ఇంజినీర్లు గొడుగుల కింద.

నా దగ్గర ఒక కొత్త కథ ఉంది.

“నా పన్నొక్కటి ఊగిందంట!”

ఐలెస్సా. డ్రమ్ము మూలిగింది, కదల్లేదు. ముప్పైమందీ చేతులు జరుపుకుంటూ, కొంచెం సిగ్గుగా, నా మాట తిరిగి పాడారు. నేను సీసా ఎత్తి అందరూ చూస్తుండగా గుక్కెడు తాగాను. మోకు తెగలేదు.

“డాట్రమ్మొచ్చి సూసిందంట!”

ఐలెస్సా. బొటనవేలంత కదిలింది.

“గొలుసేసి లాగిందంట!”

“పన్ను మాత్రం రాలేదంట!”

ఈసారి తిరిగి పాడేటప్పుడు సిగ్గులేదు. ఏమైంది, తరువాత ఏమైంది అని ముప్పైమంది మొహాలూ నా వైపే ఉన్నాయి. గుక్కెడు తాగి, మూత బిగించి, కాస్త ఊరించాను.

“ఆసుపత్రే జరిగిందంట!”

ఐలెస్సా అన్న అరుపులో సగం నవ్వే. ఆ నవ్వుతో డ్రమ్ము జానెడు జరిగింది. వరండాలో ఏడ్చినవాణ్ణి కూడా పాటలోకి లాగాను. వాడు మోకు పట్టుకునే నన్ను తిట్టాడు, ఆ తిట్టును కూడా తరువాతి మాటలో పెట్టాను. పాటలో ఆసుపత్రి డాబాగార్డెన్సు దాటి, జగదాంబ సెంటరు దాటి, బీచి దాకా వచ్చేసరికి రెండు సీసాలు అయ్యాయి. నాలుక ఒక్కసారి కూడా అంటుకోలేదు. మధ్యాహ్నం మూడు దాటాక డ్రమ్ము పునాది బోల్టుల మీద కూర్చుంది.

ఇంజినీర్లు చప్పట్లు కొట్టారు. సరంగు కొట్టలేదు. మోకు మొదలు దగ్గరికి పోయి, ఈ చివర నుంచి ఆ చివరదాకా వేళ్ళతో తడుముకుంటూ నడిచాడు. తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

“నోరు తెరు,” అన్నాడు.

తెరిచాను. ఎండలోకి నా గడ్డం తిప్పి, కప్పీలో కొక్కెం చూసినట్టు లోపలికి చూశాడు.

“రెండు తక్కువున్నాయి కదరా?”

“పనికిరానివి పీకేసినాం. మోకులో కుళ్ళిన పోగులుంటే మీరు కోసెయ్యరా ఏటి?”

గడ్డం వదిలేశాడు. తలపాగా సర్దుకున్నాడు.

“రేపు ఉక్కు బట్టీ కాడ పని. ఎనిమిదింటికి ఉండు,” అని, రెండడుగులు వేసి ఆగాడు. “పెద్ద సీసా తెచ్చుకో.”

నేను కుళాయి వైపు నడిచాను. ఇంకా దాహంగానే ఉంది.